లారీకి చాలని కొమ్మ

చెట్ల పనిని లారీల లెక్కన కొలవాలని ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడికి ఒక్కసారి అదే లెక్కన క్షవరం చేయించాలి. తట్టెడు జుట్టు రాలితే గానీ పని అయినట్టు కాదని ముందే చెప్పి కుర్చీలో కూర్చోబెడితే, చెవులతో సహా ఇంటికి వస్తాడో రాడో తెలిసిపోతుంది.

ఈ మాట కత్తెరమ్మది. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా లేదు. బీదాబిక్కీ కోసం ప్రభుత్వం కట్టిన ఇరవై రెండు బ్లాకుల ఇళ్ళు, వాటి మధ్య నాలుగు వందల పన్నెండు చెట్లు. ఆ చెట్లూ, పచ్చికా, కంచె మొక్కలూ అన్నీ ఆమె అజమాయిషీలో ఉండేవి. బల్ల మీద పెద్ద హోదా రాసిన చెక్క ఒకటి ఉన్నా, నడుముకి ఎప్పుడూ వేలాడే కొమ్మల కత్తెరను చూసి పిల్లలు పెట్టిన పేరే నిలిచిపోయింది.

ఆమె తల్లి ఈ బ్లాకుల మెట్లు ఊడ్చేది. ఆ మెట్ల మీదే ఆడుకుని పెరిగిన పిల్ల పందొమ్మిదో ఏట గడ్డి కోసే పనిలో చేరింది. అప్పట్లో ఉన్న ముసలి తోటమాలి ఆమెకు రంపం పట్టడం నేర్పాడు. లావు కొమ్మని ఒకే కోతలో పడగొట్టకూడదు. ముందు కింది నుంచి కొంచెం కోయాలి, తర్వాత కాస్త అవతలగా పై నుంచి కోయాలి, చివరికి మిగిలిన మొండిని తీయాలి. లేకపోతే పడే కొమ్మ తన బరువుతో మాను బెరడు చీల్చుకుంటూ పోతుంది. ఆ మొండిని కూడా మానుకి ఆనుకుని తీయకూడదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఒక వలయం ఉంటుంది, గాయం మాన్పుకునేది అదే, దాన్ని ముట్టుకోకూడదు.

"ఇవన్నీ మర్చిపోయినా పర్లేదమ్మాయ్," అనేవాడు ముసలాయన. "రంపం పట్టుకునే ముందు చెట్టు చుట్టూ రెండుసార్లు తిరుగు. ఒకసారి పైకి చూస్తూ, ఒకసారి కిందకి చూస్తూ. పైన ఏ కొమ్మ చచ్చిందో, కింద ఎవరు కూర్చుంటారో తెలియకుండా కోసేవాడు కసాయివాడు."

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆమె అలాగే తిరుగుతోంది. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్ళినా ముందు వాకిట్లో చెట్టు చుట్టూ తిరిగి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తుందని భర్త అందరికీ చెప్పి నవ్విస్తాడు. చెట్లెక్కేవాడు ఆమె మరిది. ఒళ్ళంతా ఎముకలే అయిన మనిషి, నడుముకి తాడు కట్టుకుంటే మూడంతస్తుల ఎత్తుకి ఉడతలా పాకుతాడు. అతను ప్రపంచంలో భయపడేది వదినకి ఒక్కదానికే. వీళ్ళిద్దరూ, ఇంకో నలుగురూ కలిసి ఏడాదికోసారి అన్ని చెట్లనూ చూసేవాళ్ళు. ఎండిందీ, విరిగిందీ, ఒకదాన్నొకటి రాసుకునేదీ మాత్రం తీసేవాళ్ళు. పని చేసి వెళ్ళాక చూస్తే పని జరిగినట్టే ఉండేది కాదు. మంచి పని అంటే అదేనని ముసలాయన చెప్పేవాడు, కానీ ఆ మాట కాగితం మీద పెట్టే వీలు లేదు.

ఆ వీలు లేకపోవడమే కొత్త ఆఫీసరుకి దొరికింది. కుర్రాడు, చురుకైనవాడు, చెట్టుకీ స్తంభానికీ తేడా తెలియనివాడు. ఆరుగురు మనుషులు ఏడాదంతా పని చేసి ఎన్ని లారీల కొమ్మలు తెచ్చారని అడిగాడు. లెక్క చూస్తే చాలా తక్కువ. అంటే వీళ్ళు పని చెయ్యడం లేదన్నమాట. పని కాంట్రాక్టరుకి ఇచ్చేశాడు. గేటు పక్క ఆఫీసులో గుమాస్తా దగ్గర లారీల పుస్తకం పెట్టించాడు. కొమ్మలతో నిండిన లారీ బయటికి వెళితే ఒక గీత. గీతలు ఎన్ని ఉంటే అంత పని. చివర్లో అంతా సక్రమంగా జరిగిందని కత్తెరమ్మ సంతకం పెట్టాలి.

మిగతాది ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎండుకొమ్మ పుల్లలా తేలిక, పైగా ఎక్కడో పైన ఉంటుంది. పచ్చికొమ్మ బరువు, ఆకులతో లారీ ఇట్టే నిండుతుంది, నిచ్చెన వేస్తే అందుతుంది. కాంట్రాక్టరు మనుషులు అందినవన్నీ నరికారు. చచ్చిన కొమ్మలు చచ్చినట్టే పైన వేలాడుతున్నాయి. బతికున్నవి లారీలెక్కి వెళ్ళిపోయాయి. దీన్ని సంరక్షణ అని కాగితాల్లో రాస్తున్నారు.

మొదటి నెల కాగితం వచ్చినప్పుడు కత్తెరమ్మ మోకాలు వాచి కుర్చీలో కూర్చుని ఉంది. 'బ్లాకు ఆరు, తొమ్మిది చెట్లు, పదకొండు లారీలు.' తొమ్మిది చెట్ల ఎండుకొమ్మలకి రెండు లారీలు కూడా నిండవు. పదకొండు అనగానే అనుమానం రావాలి. పాత చెత్త కుప్ప కూడా ఎత్తేసి ఉంటారులే అనుకుంది. సంతకం పెట్టేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో చెట్టు చుట్టూ తిరగకుండా ఆమె పెట్టిన సంతకం అదొక్కటే.

నాలుగో రోజు కుంటుకుంటూ వెళ్ళి చూసింది. తొమ్మిది చెట్లకీ తలలు కొట్టేశారు. గుడ్డ ఊడిపోయిన గొడుగు కర్రల్లా నిలబడి ఉన్నాయి. రెండో అంతస్తు కిటికీలోంచి ఒకావిడ కేకేసింది.

"ఏమ్మా కత్తెరమ్మా! నీకేం అపకారం చేశాం? చల్లగా ఉండే ఇంటిని పొయ్యి చేసి పెట్టావే!"

నేను కాదని అనడానికి నోరు తెరిచి, తన సంతకం గుర్తొచ్చి మూసుకుంది. తల కొట్టిన చెట్టు చావదు, అదే దాని పాపం. మొండి చివర గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలు వేస్తుంది. చూసేవాళ్ళు పచ్చబడిందని మురిసిపోతారు. వాటికి లోపల పట్టు ఉండదు. నాలుగేళ్ళు పెరిగి బరువెక్కాక ఒక్క గాలికి ఊడి కిందున్నవాళ్ళ నెత్తిన పడతాయి. బ్లాకు ఆరు ముందు పిల్లల ఉయ్యాలలు ఉన్నాయి.

రెండో నెల కాగితం బ్లాకు పదకొండుది. అక్కడ ఉన్నది పెద్ద నిద్రగన్నేరు, పుస్తకంలో నూట ఎనభై ఏడో నంబరు. దాని పడమటి కొమ్మ తొడంత లావుది, చచ్చి ఏడాది కావస్తోంది. బెరడు పెచ్చులూడుతోంది, మొదట్లో పుట్టగొడుగులు పట్టాయి. సరిగ్గా దాని కిందే బట్టలుతికే బండలు, ఆరేసే తీగలు. కింది వాటాలో ఉండే ముసలమ్మ పొద్దున్నుంచీ ఆ నీడలోనే పీట వేసుకుని కూర్చుంటుంది. కత్తెరమ్మ ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాసింది. కాంట్రాక్టరు మనుషులు వచ్చి నాలుగు పచ్చికొమ్మలు నరుక్కుని వెళ్ళారు. ఆ ఎండుకొమ్మ అలాగే ఉంది.

ఆఫీసరు కాగితం ముందుకి తోశాడు. "సంతకం పెడితే పనైపోతుంది మేడమ్."

"పనైపోయిందని పెట్టాలా, పనైపోవడానికి పెట్టాలా?"

"ఏడు లారీలు వెళ్ళాయి. గేటు పుస్తకంలో ఉంది."

"చచ్చిన కొమ్మ వెళ్ళలేదు. అది చెట్టు మీదే ఉంది. దాని కింద మనిషి ఉంది. మీరొకసారి వచ్చి చూడండి సార్, నాలుగడుగులే."

అతను నవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఏడు లారీల పనిలో ఒక్క కొమ్మని పట్టుకున్నారేమిటన్నాడు. "అదంతా కలిపి లారీలో మూలకి కూడా రాదు. దానికోసం క్రేను పిలిపించి ఏమని రాయమంటారు?"

"కొమ్మ తీశామని రాయండి."

"మీకింకా పద్నాలుగు నెలలే సర్వీసు ఉంది. ఎందుకీ గొడవ? వద్దనుకుంటే చెప్పండి, గోదాములో కుండీలు చూసుకునే పని ఖాళీగా ఉంది. నీడపట్టున కూర్చోవచ్చు."

నీడ గురించి ఆ మనిషి మాట్లాడటమే ఆమెకి ఎక్కువ మంట పుట్టించింది. కాగితం అక్కడే వదిలేసి బయటికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మరిది తాడూ, నడుం పట్టీ, చేతిరంపం తెచ్చుకుని బ్లాకు పదకొండు దగ్గరికి వచ్చాడు. కాంట్రాక్టు వచ్చాక అతన్ని గడ్డికి నీళ్ళు పట్టే పనిలో వేశారు. చెట్టెక్కి రెండు నెలలైంది.

"వదినా, ఆర్డరు ఉందా?"

"నేను చెప్పడం చాలదా?"

"చాలుతుంది. ఊరికే అడిగా," అని చెప్పులు విడిచాడు.

ఆమె చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగింది. మోకాలు సలుపుతుంటే తిట్టుకుంటూ తిరిగింది. ఆడవాళ్ళ చేత తీగల మీద బట్టలు తీయించి, చుట్టూ తాడు కట్టించి, ముసలమ్మని లేవమంది.

"ఇన్నేళ్ళుగా పడని కొమ్మ ఇవాళే పడుతుందా అమ్మాయ్?" అని విసుక్కుంది ముసలమ్మ.

"ఇవాళ మేమే పడేస్తున్నాం పిన్నిగారూ. మీరు లేస్తే ఒక పనైపోతుంది."

మరిది ఎండుకొమ్మ మీద కాలు మోపలేదు. పక్కనున్న పచ్చికొమ్మకి తాడు బిగించుకుని, ఎండుదాన్ని ఇంకో తాడుతో కట్టి, కొస నుంచి కొంచెం కొంచెంగా ముక్కలు చేసి దించాడు. చివరి ముక్కకి కింది నుంచి రంపం పెట్టీ పెట్టగానే పెళుక్కుమంది. పై కోత అవసరం లేకుండానే విరిగి తాడుకి వేలాడింది. లోపలంతా గుల్ల, చీమలు తొలిచిన పొట్టు జలజలా రాలింది. ముసలమ్మ తన పీట వైపు చూసుకుని, "ఆ పీట కాస్త ఇటు తెచ్చి పెట్టండే," అంది.

ముక్కలన్నీ కలిపి ఒక తోపుడు బండికి సరిపోయాయి. కత్తెరమ్మ ఆ బండిని తనే తోసుకుంటూ ఆఫీసు గుమ్మం దాకా తీసుకెళ్ళి గుమాస్తాని పిలిచింది. "పుస్తకంలో రాసుకో."

"ఎన్ని లారీలమ్మా?"

"ఒక కొమ్మ."

"కొమ్మలకి గడి లేదమ్మా. లారీలకే ఉంది," అన్నాడు గుమాస్తా పాపం, నిజంగానే గడి కోసం వెతికి.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. అనుమతి లేకుండా, క్రేను లేకుండా చెట్టెక్కించడం నిబంధనల ఉల్లంఘన అని రాశారు. చివర్లో, సదరు చర్య వలన జరిగిన పని పరిమాణం: సున్న. వారం తిరగకుండా ఆమెని గోదాముకి మార్చారు. అక్కడ పగిలిన కుండీలు ఒకవైపు, పగలనివి ఒకవైపు. ఈ మాత్రం పనికి మనిషి కావాలా అని ఆమె మొదటి రోజే అడిగింది.

నెల తర్వాత పెద్ద గాలివాన వచ్చింది. ఊళ్ళో చాలాచోట్ల కొమ్మలు విరిగాయి, రెండు గోడలు కూలాయి. ఈ బ్లాకుల్లో ఎవరికీ గీత కూడా పడలేదు. పదిహేను రోజులకి పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. కొత్త విధానంలో సకాలంలో చెట్లు నరికించినందువల్లే నష్టం తప్పిందనీ, ముఖ్యంగా బ్లాకు పదకొండు పెద్ద చెట్టు విషయంలో ఆఫీసరుగారి ముందుచూపు మెచ్చుకోదగిందనీ అందులో ఉంది. అన్ని విభాగాలకీ ప్రతులు పంపారు. గోదాముకి కూడా ఒకటి వచ్చింది.

మరిది దాన్ని బిగ్గరగా చదివాడు. "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా వదినా! ఆ కొమ్మ కోసింది నేను! వెళ్ళి అడుగుతా ఉండు."

"కూర్చో. ఆ కొమ్మ ఎలాగూ పడిపోయింది. దాని సోకు ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోనీ."

ఆమె మొహం కోపంతో ఎర్రబడి ఉంది గానీ, ఆ కోపం మెప్పు గురించి కాదు. కాగితం మడిచి జాకెట్లో దోపుకుని బ్లాకు ఆరుకి నడిచింది. తల కొట్టిన చెట్లు అప్పుడే గుత్తులు గుత్తులుగా చిగిర్చాయి. కింద పిల్లలు ఉయ్యాలలూగుతున్నారు. తొమ్మిది చెట్ల చుట్టూ, ఒక్కోదాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. పైకి చూస్తూ ఒకసారి, కిందకి చూస్తూ ఒకసారి. అది పూర్తయ్యేసరికి మోకాలు కుండలా వాచింది.

అక్కడే ఉయ్యాల పక్క గట్టు మీద కూర్చుని, ప్రశంసాపత్రాన్ని వెనక్కి తిప్పి రాసింది. 'బ్లాకు ఆరు, చెట్లు అరవై మూడు నుంచి డెబ్బై ఒకటి. తలలు కొట్టారు. ఈ కొత్త కొమ్మలకి పట్టు లేదు. ఇప్పటినుంచే ఏటా కొన్ని తీసి, ఉన్నవాటిని సరిచెయ్యకపోతే నాలుగేళ్ళలో విరిగి పిల్లల మీద పడతాయి. ఈ పని సక్రమంగా జరిగిందని చూడకుండా సంతకం పెట్టింది నేనే. ఇప్పుడు చూశాను. సక్రమంగా జరగలేదు.'

కింద తేదీ వేసి, హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనిపించని తన పేరు పూర్తిగా రాసింది. దాన్ని ఆఫీసుకి తీసుకెళ్ళి గుమాస్తా ముందు పెట్టి, అందినట్టు ముద్ర వెయ్యమంది.

"ఇది ఏ గడిలో రాయాలమ్మా?" అన్నాడతను.

"గడి నువ్వే గీసుకో నాయనా," అంది కత్తెరమ్మ. "ముద్ర పడేదాకా నేనిక్కడే కూర్చుంటా."

గుమాస్తా ఆమె మోకాలి వైపు చూశాడు, మూసి ఉన్న ఆఫీసరు గది తలుపు వైపు చూశాడు. తర్వాత స్కేలు తీసుకుని, లారీల పుస్తకంలో కొత్త గడికి గీత ఒకటి గీశాడు.