నల్ల తెర, గోడ మీద ముద్ద

మస్కట్‌లో ఘాలా లేబర్ క్యాంపులోని మా రూమంతటికీ ఒకే ల్యాప్‌టాప్ ఉండేది. దాని ఫ్యాను తిరిగితే పై అంతస్తువాళ్లు కంపెనీ బస్సు వచ్చిందనుకుని బూట్లు తొడుక్కునేవారు. దానికి లైనక్స్ ఎక్కించింది నేనే కాబట్టి, దాని జలుబుకీ జ్వరానికీ నేనే వైద్యుణ్ణి.

నా పక్క మంచం మేస్త్రీది నిర్మల్ వైపు. ఆ శుక్రవారం అతని తల్లి పోయిన పదో రోజు. సెలవు దొరక్క వెళ్లలేకపోయాడు. దహనం నాడు వాళ్లన్న తీసి పంపిన వీడియోను పదో రోజున చూస్తానని దాచుకున్నాడు. ఫోన్‌లో చోటు లేదంటే దాన్ని ల్యాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్‌లోంచి తుడిచేసిన మహానుభావుణ్ణి నేను. వాళ్లన్న దగ్గరా అది లేదట.

పొద్దున్నే గుండు చేయించుకుని, కోడికూర వండి, రూము ముందు పిట్టగోడ మీద ప్లేటులో ముద్ద పెట్టాడు. పిట్ట ముట్టాకే తను తినాలి. మస్కట్‌లో సగం జనాభా కాకులే. ఆ రోజు ఒక్కటీ వాలలేదు.

“ముసల్దానికి ఆశ తీరలే,” అన్నాడు మా ప్లంబర్. “కొడుకు ఆఖరిసారి మొఖం సూడకపాయె.”

ల్యాప్‌టాప్ తెరిచాం. నల్ల తెర. మూలన ఒక గీత కన్నుకొడుతోంది. ముందురోజు అప్‌డేట్ సగంలో ఉండగా మూత మూసిన ఘనతా నాదే.

“వీడియో పోయిందానే, అన్నా?” అన్నాడు మేస్త్రీ.

“లోపలే ఉంది తమ్ముడూ. వాచ్‌మన్ పడిపోయాడు, అంతే.”

అబద్ధం కాదు. పేరూ పాస్‌వర్డూ అడిగే తెరను చూపించే ప్రోగ్రామును డిస్‌ప్లే మేనేజర్ అంటారు. మా మిషన్‌లో ఆ వాచ్‌మన్ పేరు జీడీఎమ్, వాడు లేవనంటున్నాడు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెరలోకి దూరాను. నా ఫోన్ నెట్‌తో లైట్‌డీఎమ్ అనే మరో వాచ్‌మన్‌ను దింపాను. ఎవర్ని పెట్టుకుంటావని మిషన్ అడిగితే కొత్తవాణ్ణి చూపించాను.

“గీ పనికి రెండు గంటలా? గింతల నేను రెండు ట్యాంకులు బిగిస్తుంటి,” అన్నాడు ప్లంబర్.

రీబూట్ చేశాను. లాగిన్ తెర వచ్చింది. నేను కేక పెట్టాను. మేస్త్రీ చేతులు తుడుచుకుని వచ్చి కింద కూర్చున్నాడు.

వీడియో నలభై సెకన్లు. వీపులు, పొగ, మళ్లీ వీపులు. మొఖం ఎక్కడా లేదు. ఒకచోట జనం పక్కకు జరిగితే రెండు పాదాలు కనిపించాయి, పగుళ్లతో.

“ఆపన్నా.”

ఆపాను. అతను ఆ తెరకు నుదురు ఆనించాడు.

“కాళ్లు మొక్కిన తియ్యి,” అన్నాడు.

నేను బయటికొచ్చేసరికి గోడ మీద ప్లేటు ఖాళీ. మెట్ల కింద క్యాంపు పిల్లి మూతి నాక్కుంటోంది.

“అన్నా, పిట్ట ముట్టిందానే?” లోపల్నుంచి అడిగాడు.

చీమను ఏనుగని చెప్పి పొట్టపోసుకునే నోరు నాది. ఆ రోజు ఒక్క మాటే వచ్చింది.

“ముట్టింది. తిను.”