బావి దగ్గర నేను చెప్పిన మాట

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటే అది. బావి అని ఎవరైనా అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. నా పేరు అడగకండి. చెప్పేది మాత్రం చివరిదాకా వినండి.

నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ వెళ్ళే రోడ్డు మీద ఒక పెట్రోలు బంకులో అప్పట్లో మేనేజరుని. భూమిలో పాతిన ట్యాంకులోకి రోజూ పొద్దున్నే కొలకర్ర దించి, ఎంత మిగిలిందో చూడటం నా పని. కొన్ని నెలలుగా పెట్రోలు తరుగుతోంది. ఎండకు ఆవిరైపోతోందని నాకు నేనే చెప్పుకున్నాను. వానాకాలంలోనూ అదే చెప్పుకున్నాను. ఓనరుకు చెబితే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావంటాడు. ఆ భయం.

బంకు వెనక పొలంలో మల్లయ్య, లింగయ్య అనే అన్నదమ్ముల బావి ఉంది. వంతులు వేసుకుని పొలాలకు పారించుకునేవాళ్ళు. గొర్రెలకూ, ఇళ్ళకూ ఆ నీళ్ళే. కరెంటును నమ్మలేక తమ్ముడు లింగయ్య గట్టు మీద డీజిల్ ఇంజన్ పెట్టుకున్నాడు. ఒకరోజు గొర్రెలు నీళ్ళు ముట్టలేదు. చూస్తే నీటి మీద రంగురంగుల తెట్టు, ఘాటు వాసన. ఇంజన్‌లోంచి డీజిల్ కారిందని మల్లయ్య, చుక్క కూడా కారలేదని లింగయ్య. పెద్దమనుషులు కూర్చున్నారు. తేల్చడానికి నన్ను పిలిపించారు.

మల్లయ్య బకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"మీరు రోజూ గీ వాసన్లనే ఉంటరు గద సారూ. జర సూసి చెప్పుండ్రి. ఇది మా తమ్ముని ఇంజన్ డీజిలేనా?"

పైతెట్టును వేలితో తీశాను. చల్లగా తగిలి, చూస్తుండగానే ఆరిపోయింది. డీజిల్ అయితే జిడ్డు నిలుస్తుంది. ఇన్నాళ్ళూ నేను ఆవిరి అనుకున్నదంతా ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

"డీజిలే" అన్నాను.

లింగయ్య కోప్పడలేదు. "ఇంకోసారి సూడుండ్రి సారూ" అన్నాడు. చూడలేదు. వేలు ప్యాంటుకు తుడుచుకుని వచ్చేశాను.

ఆ రోజే ఓనరుకు చెప్పాను. రిపేరు అని పేరు పెట్టి ట్యాంకు మార్పించాడు. భూమిలోకి దిగిన పెట్రోలును ఏం చేయాలో తెలిసిన ఒకాయన్ని హైదరాబాదు నుంచి రప్పించాడు. ఆయన కొన్ని పద్ధతులు చెప్పాడు. తడిసిన మట్టిని తవ్వి, దూరంగా మందపాటి పట్టా మీద పరిచి, పేడ కలిపి తిరగేస్తుంటే అందులోని సూక్ష్మజీవులు పెట్రోలును తినేస్తాయట. లేదా బంకుకూ బావికీ మధ్య గుంత తీసి, నీటి మీద తేలేదాన్ని తోడొచ్చు. గొట్టాలతో భూమిలోకి గాలి కొట్టొచ్చు. కాలానికి వదిలేయడమూ ఒక పద్ధతేనట. కాకపోతే ఆ నీళ్ళు ఎవరూ తాగకూడదు, పరీక్ష చేయిస్తూనే ఉండాలి. ఏది చేసినా ముందు బావి వాళ్ళకు చెప్పాలన్నాడు. ఓనరు చివరి పద్ధతిలో సగమే విన్నాడు, వదిలేయడం. నేనూ అంతే విన్నాను.

బావిలో లింగయ్య వంతు తీసేశారు. అతను ఇంజన్, గొర్రెలు అమ్ముకుని మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీగా చేరాడు. ఇంజన్ పోయి ఏడాది దాటినా వాసన పోలేదు. మల్లయ్య వచ్చి అడిగితే, మట్టిలోకి ఇంకింది కదా, టైం పడుతుందన్నాను. వాసన కాస్త తగ్గగానే మళ్ళీ ఆ నీళ్ళే తాగడం మొదలుపెట్టాడు. తాగొద్దని చెప్పడానికి నిజమంతా చెప్పక్కర్లేదు కదా? ఆ ఒక్క ముక్కయినా ఎందుకు నోరు దాటలేదు? ఉద్యోగం పోతుందనా, లేక ఒకసారి మొదలైన అబద్ధానికి నేనే కాపలావాణ్ణి అయిపోయానా?

పోయిన ఏడు మల్లయ్య చనిపోయాడు. ఆ నీళ్ళ వల్లేనా? తెలియదు. తెలియదనడం కూడా నాకు అనుకూలంగానే ఉంది. లింగయ్య వచ్చి అన్న పాడె పట్టబోతే, మల్లయ్య కొడుకులు పట్టనివ్వలేదు. బావి పాడు చేసినోడు ముట్టొద్దన్నారు. అతను అందరి వెనక నడిచాడు. నాకు మాత్రం వాళ్ళు కుర్చీ వేశారు. కూర్చున్నాను.

ఆ మట్టి ఇంకా అక్కడే ఉంది. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. లింగయ్య దగ్గరికి వెళ్తానని మాటివ్వను. నా మాట విలువేంటో మీకు తెలిసిందే. ఇంతవరకు చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

ఇంకోసారి చూడమన్నాడు. చూశాను. లింగయ్యా, అది డీజిల్ కాదు. పెట్రోలు. మా బంకుది.