టెన్నెసీ కొండల్లో తద్దినం

మేము అమెరికా వచ్చిన కొత్తలో కందిపప్పు కోసం పక్క రాష్ట్రానికి కారేసుకుని వెళ్ళేవాళ్ళం. ఆ కాలం వాళ్ళందరూ ఇలాంటి కష్టాలు ఏకరువు పెడతారు గానీ, కాకి దొరకని కష్టం గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. అది మాకొక్కరికే వచ్చిందేమో.

ఎనభైల మొదట్లో మా మామగారు కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర ఉండగా ఆయన తండ్రిగారి తద్దినం వచ్చింది. పురోహితుడు లేకపోయినా సర్దుకున్నారు గానీ, కాకి ముద్ద ముట్టేదాకా తాను మెతుకు ముట్టనన్నారు. చక్కెర జబ్బు మనిషి, పొద్దెక్కితే కళ్ళు తిరుగుతాయి. మా అపార్టుమెంటు బాల్కనీ మీద ఏనాడూ కాకి వాలిన పాపాన పోలేదు. ఏ పనైనా పథకం వేసుకుని చేసే నేను (ఆఫీసులో తెలుగు మిత్రులు నన్ను 'ప్రణాళికా సంఘం' అనేవారు) ముందుగానే ఊరూరా తిరిగి చూసి, కొండల్లోని పార్కులో కాకులు దండిగా ఉన్నాయని తేల్చాను. ఆ రోజు మా ఆవిడ పెందలాడే వండిన గారెలు, పరమాన్నం కారులో పెట్టుకుని బయల్దేరాం. ఎలుగుబంట్లకు తిండి పెట్టరాదని అక్కడ పెద్ద బోర్డు ఉంది. మనం పెట్టేది కాకికి కదా అని నేనే తీర్పు చెప్పేశాను.

మామగారు ఒక బండ మీద విస్తరి పరిచి ముద్ద పెట్టారు. అటునుంచి ఆఫీసుకు వెళ్ళాలని టై కట్టుకొచ్చిన నేను చెట్ల వైపు "కావ్ కావ్" అని పిలుస్తుంటే పక్క బల్ల దగ్గరి అమెరికన్లు తింటున్న శాండ్‌విచ్‌లు ఆపి చూశారు. చాలాసేపటికి ఒక కాకి కొమ్మ మీద వాలింది. "వచ్చిందండీ!" అంది మా ఆవిడ. అంతలో పొదలు కదిలాయి. కాకి ఎగిరిపోయింది. నల్లటి ఎలుగుబంటి ఒకటి తాపీగా వచ్చి విస్తరి ముందు నిలబడింది.

"నాన్నా, కారెక్కు!"

"ఉండవే అమ్మా, ముట్టనీ."

ముట్టడమేమిటి, గారెలతో సహా విస్తరి నాకేసింది. ఈలోగా పార్కు కాపలా చూసే రేంజరు అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఈ తిండి ఎవరికోసం పెట్టారు?"

"మా మామగారి నాన్నగారికి," అన్నాను.

"ఆయనెక్కడ?"

"చనిపోయారు."

రేంజరు గబుక్కున టోపీ తీసి ఎలుగుబంటి వంక అనుమానంగా చూశాడు. (చనిపోయి పాతికేళ్ళయిందని చెప్పాక టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.) తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు జనం మధ్యకు వస్తూనే ఉంటుంది, చివరికి దాన్ని కాల్చెయ్యాల్సి వస్తుంది. ఇప్పుడే బాగా బెదరగొడితే బతికిపోవచ్చు.

నేను తెలుగులో చెప్పేసరికి మామగారి ముఖం పాలిపోయింది. "కాల్చేస్తారా? మా నాన్న ముద్ద తిన్నదాన్నా?" అన్నారు. మరుక్షణం మా ఆవిడ చేతిలోని పరమాన్నం గిన్నె లాక్కుని, గరిటెతో ఠంగు ఠంగున వాయిస్తూ రేంజరు పక్కనే నిలబడ్డారు.

"వెళ్ళండి నాన్నగారూ! తిన్నది చాలు! మళ్ళీ ఈ ఛాయలకు రాకండి! వెళ్ళండి!"

ఎలుగుబంటి ఒకసారి వెనక్కి చూసి, పొదల్లోకి పరుగెత్తింది. రేంజరు ఆయన భుజం తట్టి, నన్ను మాత్రం బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి పైకి చదివించాడు.

మామగారు చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. "కాకి ముట్టలేదు కదా నాన్నా?" అని మా ఆవిడ సందేహంగా అడిగింది. "ఎవరు ముట్టాలో వాళ్ళే ముట్టారులే, వడ్డించు," అన్నారు. రెండు ముద్దలు తిని ఆగి, "బతికుండగా ఆయన ఎదుట ఏనాడూ గొంతెత్తి ఎరగనమ్మా," అన్నారు.

నేను నవ్వు ఆపుకోలేక, మంచినీళ్ళ మిషతో కారు వెనక్కి వెళ్ళాను. ఇప్పుడు ఆయన అప్పటి వయసు దాటాను, మా నాన్నగారికి నేనూ తద్దినాలు పెడుతున్నాను. టై కట్టుకుని కారు చాటున నవ్వుతున్న ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. కోప్పడాలనిపించదు. నవ్వవోయ్, నవ్వు, మీ నాన్నగారు ఇంకా ఉన్నారుగా, అనాలనిపిస్తుంది.