ఆరూ పన్నెండుకు చివరి కాల్

అంతరిక్షంలో తిరిగే మా టెలిస్కోపు ఏ క్షణమూ ఖాళీగా ఉండదు. ఏ విస్ఫోటమూ లేనప్పుడు కూడా దాని డిటెక్టరు మీద ఎక్కడెక్కడి నుంచో గామా కిరణాలు పడుతూనే ఉంటాయి. పడ్డ ప్రతిదీ ఒక కౌంటుగా నమోదవుతుంది. దీన్ని మేము నేపథ్యం అంటాము. సుదూరంలో ఒక నక్షత్రం కూలినప్పుడో, రెండు మృత నక్షత్రాలు ఢీకొన్నప్పుడో ఆ కౌంట్లు హఠాత్తుగా పెరిగి, కొన్ని సెకన్లలో, ఒక్కోసారి అర సెకను కూడా గడవకముందే, మళ్లీ మామూలుకు వస్తాయి. నిమిషానికి మొత్తం ఎన్ని వచ్చాయని చూస్తే అంత చిన్న విస్ఫోటం ఆ మొత్తంలో కలిసిపోయి కనపడదు. కాలాన్ని సన్నటి ముక్కలుగా కోసి, ముక్కముక్కనూ విడిగా లెక్కించాలి. బెంగళూరులో నా దగ్గర చేరే ప్రతి విద్యార్థికీ మొదటి రోజు చెప్పే పాఠం ఇదే.

ఈ పని గురించి మా అక్కకు ఒకసారి కోయిలకుంట్లలో, ఆమె కుట్టుమిషను పక్కన కూర్చుని వివరించాను. అమ్మానాన్నలు పోయాక జాకెట్లు కుట్టి నన్ను చదివించింది ఆమే. అంతా విని, దారం పంటితో తెంపి, "అంటే ఆకాశం నీకు మిస్డ్ కాల్ ఇస్తాండాది. తిరిగి చేద్దామంటే నంబరు ల్యా. అంతేనా అబ్బీ?" అంది. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ సదస్సులోనూ వినపడలేదు.

మిస్డ్ కాల్ ఆమెకు బాగా తెలిసిన విద్య. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాము. ఉదయం ప్రార్థన ముగించుకుని ఆమె ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. బాగున్నానని దాని అర్థం. వెంటవెంటనే మూడు ఇస్తే, ఉన్నపళంగా బయలుదేరి రమ్మని. కాల్‌కు ఖర్చు లేని కాలం వచ్చినా ఆమె ఈ పద్ధతి మానలేదు. మాట్లాడుతూ కూర్చుంటే ఇద్దరికీ పని చెడుతుందనేది. అన్నేళ్లలో మూడు ఎన్నడూ రాలేదు.

నిరుడు ఎండాకాలం కొత్త డిటెక్టరు పరీక్ష మూడు రోజులు ఏకధాటిగా సాగింది. లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదు. మొదటి రోజు తెల్లవారుజామున ఐదు గంటలకే నా ఫోన్ ఆపేసి గేటు దగ్గర లాకరులో పెట్టాను. ఆ మూడు రోజులూ అక్కడి అతిథి గదిలోనే ఉన్నాను. మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకు బయటికి వచ్చి ఫోన్ ఆన్ చేయగానే ఒక సందేశం వచ్చింది. అక్క నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్, చివరిది ఈ రోజు ఉదయం ఆరూ పన్నెండుకు. మిగతా రెండూ ఎప్పుడు వచ్చాయో అందులో లేదు.

నేను లోపల ఉన్నవి మూడు ఉదయాలు. వచ్చినవి మూడు కాల్స్. రోజుకు ఒకటి. లెక్క సరిపోయింది. సందేశాన్ని తుడిచేసి, భోంచేసి, పరీక్ష ఫలితాల ముందు కూర్చున్నాను.

మర్నాడు ఉదయం రింగు రాలేదు. తొమ్మిదికి అక్క నంబరు నుంచే కాల్ వచ్చింది. ఆగకుండా మోగింది. మాట్లాడింది పక్కింటి పెద్దమ్మ. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అక్క ప్రాణం పోయిందని చెప్పింది.

అక్కను సమాధి చేసిన మరుసటి రోజు పెద్దమ్మ నాకు జరిగినదంతా వరసగా చెప్పింది. మొదటి రెండు రోజులూ జ్వరంతో అక్క చాప మీంచి లేవనేలేదు, ఫోన్ ముట్టలేదు. మూడో రోజు తెల్లవారగానే ఫోన్ అడిగి తీసుకుంది.

"నేను చేసి మాట్లాడతా అంటి నాయనా. వద్దనింది. మూడు కొట్టినా, ఫోన్ తెరిస్తానే లెక్క పెట్టుకుంటాడు, వాడొచ్చినాక పోదాం ఆసుపత్రికి అనింది. శానా చెప్పి చూస్తి. వినల్యా. రేతిరి దాకా వాకిలి దిక్కే చూస్తా ఉండె."

అక్క ఫోన్ తెరిచాను. తమ్ముడు అన్న పేరు ఎదురుగా ఆరూ పది, ఆరూ పదకొండు, ఆరూ పన్నెండు. మూడూ ఒకే ఉదయానివి. దానికి ముందు రెండు రోజులూ ఖాళీ. ఆ ఖాళీని కూడా నేను నా సగటుతో నింపేశాను. రెండున్నరకు కారెక్కి ఉంటే రాత్రి తొమ్మిదిలోపు ఆ వాకిట్లో ఉండేవాణ్ణి. దూరాన్ని వేగంతో భాగించి రెండుసార్లు సరిచూసుకున్నాను.

"లెక్క పెట్టుకోల్యా నాయనా?" అంది పెద్దమ్మ. నింద కాదు, తెలుసుకుందామనే అడిగింది.

"పెట్టినా పెద్దమ్మా. మూడే ఉన్నాయి."

ఆమె అర్థం కానట్టు నా వైపు చూసింది. విడమరిచి చెప్పడం నా వృత్తి. ఆమెకు చెప్పలేకపోయాను.