ఒక్క సబ్బు

మా నరసరావుపేట సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ క్యూ అంటేనే నాకు ఒళ్ళు మంట. అరగంట నిలబడి కౌంటర్ దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు పక్కనుంచి చెయ్యి చాస్తారు. ఆ ఆదివారం ఒకావిడ సబ్బు చూపించింది.

"పిన్నీ, నాది ఇదొక్కటే. నీ బిల్లులో కొట్టించవా?"

"ఏం, మేమంతా పనిలేక నిలబడ్డామా? వెనక్కి పోయి నిలబడు" అన్నాను. ఆమె వెళ్ళి క్యూ చివర నిలబడింది. నా వెనకాయన మెచ్చుకోలుగా తలూపాడు. నాకు గర్వంగానే అనిపించింది.

నా వంతు వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి నా పచ్చిమిరపకాయల కవరు తిప్పి తిప్పి చూసింది.

"స్టిక్కర్ ఏది ఆంటీ? తూకం వేయించలేదా?"

కూరగాయలు లోపలే తూకం వేయించి స్టిక్కర్ అంటించుకురావాలి. అది మర్చిపోయి వచ్చేవాళ్ళను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఇందాక తలూపినాయనే ఇప్పుడు, "ఏందమ్మా, చానాసేపటి నుంచి నిలబడ్డాం. ముందే చూసుకోవాల్సింది గదా" అన్నాడు.

ఇంతలో సబ్బావిడ క్యూ చివరి నుంచి వచ్చి కౌంటర్ మీది నా కవరు తీసుకుంది. "నువ్వు ఈడే ఉండు పిన్నీ, నేను వేయించుకొస్తా" అని లోపలికి పరుగెత్తింది. వెనక గొణుగుళ్ళు సాగుతుండగానే స్టిక్కర్‌తో తిరిగొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కవరు నాకిచ్చి ఆమె మళ్ళీ చివరికి పోబోతుంటే, ఆ సబ్బు నేనే అందుకుని కౌంటర్ మీద పెట్టాను. ఏమన్నా అంటాడేమోనని వెనకాయన వైపు తిరిగి చూశాను. ఆయన తలొంచుకుని, తన బీరకాయల కవరుకు స్టిక్కర్ ఉందో లేదో వెతుక్కుంటున్నాడు.