రెండు నొక్కులు

నా మనవరాలికి పుట్టుకతోనే చూపు లేదు. దాని చెయ్యి పట్టుకుని నెల్లితోపు వీధుల్లో దాని చిన్నప్పటి నుంచీ నడిచాను. ఆటోలకు డబ్బు పెట్టే అలవాటు నాకు లేదు. టౌన్ బస్సు, లేదంటే కాళ్ళు. “మెట్టు, గుంట, ఆగు” అని కేకలేస్తూ నడిపించేదాన్ని. ఏడేళ్ళప్పుడు ఒకరోజు నడిరోడ్డులో నిలబడిపోయింది.

“అందురూ వింటా ఉండారవ్వా. అరవొద్దు.”

ఆనాటి నుంచి చేతితోనే చెప్పాను. అరచేతిలో ఒక నొక్కు నొక్కితే మెట్టు, రెండు నొక్కితే ఆగు. ఇది మనిద్దరిదేనని, వాళ్ళమ్మకు కూడా చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నది అదే. నేను చెప్పలేదు.

దాని ఇరవై ఒకటో ఏట, శనివారాలు కంప్యూటర్ క్లాసంటూ వ్యానులో పోయేది. నన్ను రావద్దనేది. తిరిగొస్తే జడ తడిగా, ఉప్పుప్పగా ఉండేది. చెమట అంది. క్లాసులో ఫ్యానైనా లేదా అని వాళ్ళను తిట్టుకుంటూ సీకాయతో తల రుద్దాను.

ఒక శనివారం కరివేపాకు కొనడానికి వీధిలోకి దిగాను. వ్యాను ఆగింది. ఎవరో ఒకావిడ దాని చెయ్యి పట్టుకుని దిగింది. మా ఇంటి ముందు కాలువ దగ్గర ఆవిడ వేళ్ళు రెండుసార్లు కదిలాయి. నా మనవరాలు ఆగింది. ఒకసారి కదిలాయి. మెట్టెక్కింది.

ఆవిడ నన్ను చూసి నవ్వుతూ అరవంలో చెప్పింది, శనివారాలు దీనికి సముద్రంలో మునిగి తిరగడం నేర్పేది తానేనని. సముద్రం అడుగున నోట్లో గాలి గొట్టం ఉంటుంది, మాట్లాడలేం, సైగలు దీనికి కనపడవు. అందుకే ఇది తనకు ఈ నొక్కుల భాష నేర్పిందట. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది నా కోడలట.

ఆవిడ వెళ్ళేదాకా ఓర్చుకున్నాను.

“నాకు ఒక మాట చెప్పుండొచ్చు కదే.”

“పోయినేడు సముద్రంలోకి పోతానని అడిగితే ఏమన్నావవ్వా? ‘ఆడికి పోయి ఏంది చూస్తావే’ అన్లా?”

“అన్నా. దానికని మనది తీసకపోయి ఎవురికో ఇస్తావా?”

“ఆడ నీళ్ళల్లో నాకు ఇంకేదీ తోచలేదవ్వా.”

మరునాడు బస్టాపులో మోచెయ్యి మాత్రమే ఇచ్చాను. అది తడుముకుంటూ నా అరచేతిని పట్టుకుని మూడుసార్లు నొక్కింది.

“ఇదేంది కొత్తగా?”

“బాగుండావా అని. జవాబు చెప్పకుంటే ఆడ నీళ్ళల్లోంచి పైకి తీసకపోతారు.”

బస్సు వచ్చింది. చెయ్యి విడిపించుకున్నాను.

“మెట్టు!” అన్నాను, బస్సంతా వినేటట్టు.