అక్క రంగు

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో నన్ను పట్టుకుంటారు. ఇక్కడ కెనడాలో, కాల్గరీలో, మా తెలుగువాళ్ల పెళ్లిళ్లకీ బాప్తిస్మాలకీ ఫోటోలు తీసేది నేనే. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు ఈ పని. "అంకుల్, పోర్ట్రెయిట్లకి ఏ లెన్స్ కొనమంటారు?" అని మొదలుపెడతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఉన్న లెన్స్‌తో ఇంట్లో మనిషిని ఒక్కసారైనా కిటికీ దగ్గర కూర్చోబెట్టి తీశావా అని అడుగుతాను.

నేను చెప్పేది నాలుగు ముక్కలే. పగలు ఫోటో తీస్తుంటే ఇంట్లో లైట్లన్నీ ఆర్పెయ్యండి. కిటికీ వెలుగూ బల్బు పసుపూ కలిస్తే మొహానికి కామెర్లు వచ్చినట్టుంటుంది. మనిషిని కిటికీకి పక్కగా, చెయ్యి చాపితే అద్దం అందేంత దూరంలో కూర్చోబెట్టండి. మీరు మాత్రం మీదిమీదికి వెళ్లకండి, మరీ దగ్గరికి వెళ్తే ముక్కే పెద్దదవుతుంది. నాలుగడుగులు వెనక్కి వచ్చి జూమ్ చెయ్యండి. ఫోకస్ ఎప్పుడూ మీకు దగ్గరగా ఉన్న కంటి మీదే. ఇక్కడి చలికాలంలో ఇంకో తిప్పలుంది. కిటికీ బయట మంచు తెల్లగా మెరుస్తుంటే కెమెరా హడలిపోయి, వెలుగు ఎక్కువైందనుకుని అంతా చీకటి చేసేస్తుంది. అందుకని వెలుగు లెక్క మొహం మీద చూసుకోవాలి, మంచు మీద కాదు.

ఇక మనవాళ్లతో వేరే చిక్కు. కెమెరా కనపడగానే ఊపిరి బిగబట్టి, చేతులు రెండూ కిందికి దించి, స్కూల్లో ప్రేయర్‌కి నిలబడ్డట్టు నిలబడిపోతారు. నవ్వండి అంటే ఉన్న నవ్వు కూడా పోతుంది. చేతులకి పని ఇవ్వండి, నోటికి ఏదైనా తగాదా ఇవ్వండి.

ఈ రెండూ నాకు తెలిసింది మా అక్క వల్ల. అక్క వాంకూవర్ పక్కన సర్రీలో, వృద్ధుల హోమ్‌లో ముసలివాళ్లకి సేవ చేసే కేర్ ఎయిడ్‌గా పనిచేసేది. ఒక డిసెంబరులో వారం సెలవు పెట్టి మా ఇంటికొచ్చింది. శనివారం పొద్దున్న వంటింటి కిటికీ పక్కన కూర్చుని కమలాపళ్లు వలుస్తోంది. కెమెరా తీసి "ఇటు చూడక్కా" అన్నాను. వెంటనే మొహం బిగించేసింది. ఇలా కాదని, చేపల పులుసులో టమాటా వేస్తే తప్పేంటక్కా అన్నాను. అంతే, పూనకం వచ్చేసింది.

"టమాటా వేస్తే దాన్ని పులుసనరు రా, సాంబారంటారు. మా మరదలి వంట తిని తిని నీ నాలుక మొద్దుబారిపోయింది!"

వలిచిన తొన చేతిలో అలాగే ఉండిపోయింది. కళ్లలో కోపం, పెదవి చివర నవ్వు. ఏడు ఫోటోలు తీశాను. అందులో నాలుగోది చూసి నాలో నేనే పొంగిపోయాను. అంత మంచి ఫోటో అంతకుముందు తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పాలి. మనవాళ్లకి ఫోటో ఇచ్చేముందు మొహాల రంగు కంప్యూటర్‌లో కాస్త తెల్లగా చెయ్యడం నాకు అలవాటు. ఎవరికిచ్చినా "కొంచెం ఫెయిర్‌గా చెయ్యండి అంకుల్" అనేవాళ్లు. రెండోసారి చేసే ఓపిక లేక, అడక్కముందే చేసి ఇవ్వడం మొదలుపెట్టాను. మా అక్క నలుపు, నేను తెలుపు. కాకినాడలో చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతి అత్తయ్యా మా ఇద్దర్నీ పక్కపక్కన చూసి, "తమ్ముడి రంగు దీనికొచ్చుంటే ఎంత బాగుండేదో" అని నిట్టూర్చేది. అక్క ఆ మాట వింటూనే వాళ్లకి టీ గ్లాసులు అందించేది. నాకు మాత్రం ఏదో దొంగతనం చేసినట్టుండేది.

ఆ శనివారం సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని అక్కకి నా రంగు ఇచ్చేశాను. ప్రేమతోనే ఇచ్చాను. కళ్ల కింద నలుపు తీసేశాను, బుగ్గలు నున్నగా చేశాను. అక్క సర్రీ వెళ్లాక ఫోన్‌కి పంపాను. "బాగుందిరా" అని ఒక్క ముక్క వచ్చింది. పనిలో ఉందేమో అనుకున్నాను. డిస్క్ నిండిపోతోందని, ఎప్పటిలాగే, అసలు ఫైళ్లు ఏడూ చెరిపేశాను.

పోయినేడు అక్క డ్యూటీలో ఉండగానే కుప్పకూలిపోయింది. స్ట్రోక్. నేను విమానం దిగేసరికే అంతా అయిపోయింది. అక్కడి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పూల పక్కన ఉంచడానికి ఇంకో ఫోటో దొరకలేదు. ఎప్పుడూ గుంపులో వెనక వరసలో సగం మొహం కనపడేలా నిలబడే మనిషి అక్క. నేను తీసిందే పెద్దది చేయించి పెట్టాం.

హోమ్‌లో అక్క ఏళ్ల తరబడి స్నానం చేయించి జడ వేసిన ఒక పంజాబీ పెద్దావిడ చక్రాల కుర్చీలో వచ్చింది. ఫ్రేమ్ వైపు చాలాసేపు చూసి, వెనకున్న తన కూతురితో ఏదో అంది. కూతురు మొహమాటపడుతూ నన్నడిగింది, "ఈ ఫోటో ఎవరిదని అమ్మ అడుగుతోంది."

మా అక్కదే అన్నాను. పెద్దావిడ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అక్క ఒక్కగానొక్క కూతురు నా పక్కనే ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది కానీ మాట్లాడేది ఇంగ్లీషులోనే. "మామయ్యా, ఒరిజినల్ ఉంటే పంపించు" అంది. లేదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కాల్గరీ తిరిగొచ్చి, ఆ రంగు వెనక్కి తేవాలని కూర్చున్నాను. నలుపు పెంచితే బూడిదలా వస్తుంది. ఎరుపు కలిపితే ఇటుకలా వస్తుంది. అక్క నుదురు దగ్గర ఒక మెరుపుండేది, మెడ దగ్గర ఇంకాస్త ముదురు, అరచేతులు లేత. ఇంత చెప్పగలను, చేతికి మాత్రం రాదు. కళ్లు మూసుకుంటే అక్క గొంతు వినపడుతుంది, రంగు దొరకదు. యాభై ఏళ్లు ఎరిగిన మనిషిని నేను సరిగ్గా చూడనేలేదా? ఒక్కసారి వచ్చి ఆ కిటికీ పక్కన కూర్చుంటే చాలు. తిట్టనీ, ఎంతసేపైనా తిట్టనీ. కెమెరా కూడా ముట్టను, ఊరికే చూస్తాను.

అందుకే ఇప్పుడు కొత్తవాళ్లకి ఇంకో ముక్క కూడా చెబుతున్నాను. అసలు ఫైలు చచ్చినా చెరపొద్దు. ఎవరు బతిమాలినా మనిషి రంగు ముట్టుకోవద్దు. కొందరు తలూపుతారు, కొందరు మళ్లీ లెన్స్ సంగతికే వస్తారు.

ఇప్పటికి ఆరు రకాలుగా చేసి మేనకోడలికి పంపాను. ప్రతిసారీ ఒకటే జవాబు. దగ్గరగా ఉంది మామయ్యా, కానీ అమ్మ కాదు. మొన్న తనే ఫోన్ చేసింది.

"మామయ్యా, అలా చెయ్యమని అమ్మ నిన్ను అడిగిందా?"

"లేదమ్మా. బాగుంటుందని నేనే చేశాను."

తను మెల్లగా అడిగింది, "అంతకుముందు అమ్మ బాగా లేదా?"

"బాగుంది. చాలా బాగుంది" అన్నాను. ఆ మాట అక్కతో ఒక్కసారి కూడా అనలేదు.